ఎడమవైపు రెండో చక్రం

గ్యారేజీ తలుపు మళ్ళీ అరిచింది. అరవడమంటే మామూలుగా కాదు, చెవిలో సూది పెట్టి తిప్పినట్టు. నేలమీంచి మూరెడు లేచేదాకా ఆ తలుపంత బుద్ధిమంతురాలు ఇంకోటి ఉండదు. అక్కణ్ణించి మొదలుపెడుతుంది కీచుమని, పైకి చేరి పడుకునేదాకా నోరు ముయ్యదు.

లిఫ్టాయన చేతిలో రిమోటు పట్టుకుని తెల్లముఖం వేశాడు. నాలుగు రోజుల కిందటే కదా దీనికి నూనె వేశాను అనుకున్నాడు. అనుకున్నాడో లేదో, వెనకాలే ఇంకో ప్రశ్న వచ్చి నిలబడింది. వేశానా?

ఆయన్ని వీధిలో అందరూ లిఫ్టాయనే అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఎన్ని అంతస్తుల మేడైనా సరే, ఇనపతాడు మీద చెయ్యి వేసి దాని ఒంట్లో ఏముందో చెప్పగలిగేవాడు. అలాంటివాడికి పది చక్రాలూ ఒక స్ప్రింగూ ఉన్న ఇంటి తలుపు లొంగడం లేదంటే, తలుపుకి సిగ్గులేదనుకోవాలో తనకి చేతకావడం లేదనుకోవాలో ఆయనకే తెలియడం లేదు.

నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. అక్కడొక అట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ అట్ట సంగతి కాస్త చెప్పుకోవాలి. ప్రతి లిఫ్టు గదిలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. ఏ తారీఖున ఏ పని చేశారో రాసి, చేసినవాడు ఒక సంతకం, పక్కనుండి చూసినవాడు ఒక సంతకం పెట్టాలి. ఒకడి కన్ను తప్పినా రెండోవాడి కన్ను తప్పదని ఆ పద్ధతి. పని చెయ్యకుండా సంతకం గీకేవాణ్ణి ఆ వృత్తిలో దొంగకన్నా హీనంగా చూస్తారు. మరి ఆ సంతకాన్ని నమ్మే కదా జనం పిల్లాపాపలతో ఆ పెట్టెలో నిలబడేది. లిఫ్టాయన అట్టల మీద రెండో సంతకం ఇరవై ఆరేళ్ళపాటు ఒకే మనిషిది. ఆయన్ని పొడుగాయన అనేవారు. పొట్టి గుమ్మాలున్న లిఫ్టు గదుల్లో తల పగలగొట్టుకుంటూనే ఉద్యోగం గడిపేశాడు పాపం.

ఉద్యోగం వదిలేశాక లిఫ్టాయన అలాంటి అట్టే ఒకటి తెచ్చి ఇంటి గ్యారేజీలో తగిలించాడు. భార్య చూసి, "ఇంటికి కూడా తనిఖీవాళ్ళు వస్తారా ఏమిటి?" అని నవ్వింది. రెండో సంతకం గడి అప్పటినుంచీ ఖాళీగానే ఉంది.

అట్ట మీద చివరి వరుసలో ఆయన చేతిరాతే ఉంది. మంగళవారం. చక్రాలు పదీ, మడతబందులూ, స్ప్రింగూ: నూనె వేశాను. పట్టాలు పొడిగుడ్డతో తుడిచాను. కింద సంతకం. సంతకం తనదే, తోకతో సహా.

పీట వేసుకుని, చప్పుడు అటునుంచే వస్తోందని తోచి, ఎడమవైపు పైనుంచి రెండో చక్రం ఇరుసు మీద వేలు పెట్టి రాశాడు. వేలికి తడి తగల్లేదు. అంటే నూనె ఆవిరైపోయి ఉండాలి, లేదా ఆ సంతకం దొంగసంతకం అయి ఉండాలి. నూనె ఆవిరవ్వదని ఆయనకి తెలుసు. భయంతో పీట దిగిపోయాడు.

ఎందుకంత భయమంటే, రెండు నెలల కిందట పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. ఆదివారం కూతురు వచ్చి ఆ గిన్నె చూసింది. ఆ పిల్ల కోప్పడలేదు, అదే వచ్చిన చిక్కు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "ఇలాంటిది ఇంకొక్కసారి జరిగితే కారు తాళాలు నాకిచ్చెయ్యాలి నాన్నా. మాట ఇవ్వు" అంది. ఇచ్చాడు. లిఫ్టాయన ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. తాళాలు పోతే తను ఇంట్లో కిటికీ పక్కన వేసిన ఇంకో కుర్చీ అయిపోతాడని ఆయన భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

చెప్పుకోనిది ఇంకోటి కూడా ఉంది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గోడగడియారానికి బ్యాటరీలు కొనడానికి వెళ్ళాడు. కొన్నాడు. తిరిగి వస్తూ నాలుగు రోడ్లు కలిసేచోట ఆగి, కుడికి తిరగాలో ఎడమకి తిరగాలో తోచక, కారు పక్కకి తీసి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు తిరిగిన రోడ్లు అవి. ఏ రోడ్డు చూసినా పరాయిదిలాగే ఉంది. మూడు గంటల తర్వాత, తోచకపోవడం ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఇంటికొచ్చి, "దారిలో పొడుగాయన కలిశాడు, కబుర్లలో పడ్డాం" అని అబద్ధం చెప్పాడు. భార్య ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "అలాగా" అని కంచం పెట్టింది. గట్టెక్కాననుకున్నాడు.

ఇప్పుడీ చక్రం.

లోపలికి వెళ్ళాడు. భార్య వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు.

"మంగళవారం నేను తలుపుకి నూనె వేశానా?" అని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

ఆవిడ చేతిలోంచి ఒక గింజ జారి కిందపడింది. "వేసే ఉంటారు" అంది తలెత్తకుండా.

వేసే ఉంటారట. ఏం జవాబండీ అది? ఔననా, కాదనా? అడక్కుండా ఉన్నా సగం అనుమానంతో బతికేవాడు. అడిగి మిగతా సగం కూడా కొనితెచ్చుకున్నాడు.

సామాన్ల కొట్టుకి బయలుదేరాడు. తలుపు కీచుమంది. కారు ఇంకా వీధిలోకి రానేలేదు, భార్య చేతిలో సంచీతో, ఒక చెప్పు తొడుక్కుంటూ ఒక చెప్పు ఈడ్చుకుంటూ వచ్చేసింది. "నేనూ వస్తా. సూదులు కొనుక్కోవాలి."

ఇదొకటి అర్థంకాని సంగతి. పెళ్ళయినప్పటినుంచీ ఆయన కారెక్కమంటే ఆవిడ మొహం అటు తిప్పుకునేది. "మీ కారులో కూర్చుంటే, నడిచెళ్ళినవాళ్ళు మనకంటే ముందు చేరి కాఫీ కూడా తాగేస్తారు" అనేది. అలాంటిది కొన్ని నెలలుగా తలుపు లేచిందంటే చాలు, ఏదో ఒకటి కావాలంటూ వచ్చి పక్కన కూర్చుంటోంది. నిన్న దారం, మొన్న నిమ్మకాయలు. ఇంట్లో నిమ్మకాయలు రెండు బుట్టలున్నాయి.

కొట్టాయన వీళ్ళని చూసి లేచి నిలబడ్డాడు. "మళ్ళీ నూనేనా బాబాయ్? మొన్నేగా పట్టుకెళ్ళారు?"

లిఫ్టాయన నీళ్ళు నమిలాడు. "అది సరైంది కాదు. నిలవడం లేదు."

"పట్టాలకి గానీ పూస్తున్నారా? పట్టాలకి పూస్తే దుమ్ము పట్టుకుని..."

"నాకా చెప్తున్నావు?"

కొట్టాయన నాలుక కరుచుకుని తెల్లగ్రీజు డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు. ఇది పూస్తే వానకీ ఎండకీ కదలదని చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. భార్య ఆ డబ్బాని తిప్పి తిప్పి చూసి, "సబ్బుతో కడిగినా పోదా?" అని అడిగింది. ఆడవాళ్ళ ప్రశ్నలు ఇంతే, బట్టలకి అంటుకుంటుందని భయం కాబోలనుకున్నాడు లిఫ్టాయన. సూదులు కొనడం ఆవిడ మరిచేపోయింది.

ఆ సాయంత్రమే గ్రీజు పూశాడు. తాడు లాగి తలుపుని మోటారు నుంచి విడదీసి, చేత్తో సగానికి ఎత్తి వదిలాడు. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. స్ప్రింగు బాగానే ఉంది, తూకం బాగానే ఉంది. స్క్రూలు బిగిద్దామని పనిముట్ల పెట్టె తీస్తే పచ్చపిడి స్క్రూడ్రైవరు చేతికొచ్చింది. తనవన్నీ ఎర్రపిడివి. ఈ పచ్చది పొడుగాయనది, ఎప్పుడు ఇటు వచ్చిందో ఏమో, ఈసారి కనిపిస్తే తిరిగి ఇచ్చెయ్యాలి అనుకున్నాడు. ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. పని అయ్యాక అట్ట మీద రాసి సంతకం పెట్టాడు. చాలదని అరచేతి మీద కూడా పెన్నుతో రాసుకున్నాడు, పూశాను అని.

రెండు రోజులు తలుపు వెన్నలా నడిచింది. మూడోరోజు కీచుమంది.

అరచెయ్యి చూసుకున్నాడు. స్నానాలకి అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అట్ట చూశాడు. సంతకం ఉంది. డబ్బా ఊపి చూశాడు, సగం ఖాళీ. మరి గ్రీజు ఎటు పోయింది? చక్రానికి బదులు ఇంకదేనికైనా పూశానా? కారు తలుపులు చూశాడు. గేటు బందులు చూశాడు. భార్య కుట్టుమిషను చక్రం తిప్పితే అది నున్నగా, చప్పుడు లేకుండా తిరిగింది.

"దీనికి నూనె ఎవరు వేశారు?"

"నేనే వేసుకున్నాను. ఏం, వేసుకోకూడదా?"

ఔనంటే ఔను, కాదంటే కాదు. ఏది నమ్మాలో తెలియని స్థితికి వచ్చేశాడు మనిషి. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు. మర్నాడు పొద్దున్న కాఫీ ముట్టలేదు. భార్య రెండుసార్లు "ఒంట్లో బాగాలేదా?" అంది. "బాగానే ఉంది" అన్నాడు రెండుసార్లూ.

శనివారం వచ్చింది. మర్నాడు కూతురు వస్తుంది. ఇక దాచి లాభం లేదు, తాళాలు ఇచ్చేద్దాం అని తేల్చుకున్నాడు. పని చెయ్యకుండా సంతకం పెట్టే స్థితికి వచ్చిన మనిషి చేతిలో బండి ఉండకూడదు. ఇంకెవరైనా అయితే తనే చివాట్లు పెట్టి ఉండేవాడు. ఇచ్చేముందు ఆఖరిసారి ఆ తలుపుని శుభ్రంగా ఒకసారి చూద్దామని భూతద్దం పట్టుకుని పీట ఎక్కాడు.

చూశాడు. మళ్ళీ చూశాడు.

గ్రీజు ఎండితే నల్లటి జిడ్డు మిగులుతుంది. అసలు పుయ్యకపోతే దుమ్మూ తుప్పూ ఉంటాయి. ఇక్కడ జిడ్డూ లేదు, దుమ్మూ లేదు. ఆ ఒక్క చక్రం తోమిన గ్లాసులా మెరిసిపోతోంది. మిగతా తొమ్మిదింటికీ తెల్లగ్రీజు పూసింది పూసినట్టే ఉంది. ముక్కు దగ్గరగా పెడితే నిమ్మకాయ సబ్బు వాసన. వాళ్ళింట్లో గిన్నెలు తోమే సబ్బు.

ఇన్నాళ్ళూ చక్రాన్ని వేలితో తడిమాడే తప్ప కళ్ళుపెట్టి చూడలేదు. భయం తన బుర్ర మీద ఉంటే చూపు చక్రం మీద ఎందుకుంటుంది? ఆ చక్రానికి మళ్ళీ గ్రీజు పూసి తలుపు ఒకసారి ఎత్తి దింపితే, అది కిక్కురుమనలేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూలా పడుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళి, వెనక తలుపులోంచి గ్యారేజీలోకి వచ్చాడు. కారులో వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాడు. పావుగంట గడిచింది. తన ఇంట్లో తనే దొంగలా దాక్కోవడం ఏమిటని సిగ్గేసింది కూడా.

వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. భార్య వచ్చింది. ఒక చేతిలో గిన్నె, గిన్నెలో నురగ, భుజం మీద పాత తువ్వాలు. పిల్లిలా నడుస్తూ పీట జరుపుకుని, గోడ పట్టుకుని పైకెక్కింది. మునివేళ్ళ మీద లేచి రెండో చక్రాన్ని తుడిచి తుడిచి మెరిపించింది. సరిగ్గా అదొక్కదాన్నే.

లిఫ్టాయనకి అరుద్దామని గొంతుదాకా వచ్చింది. అరిస్తే ఉలిక్కిపడి పీట మీంచి పడుతుంది. కారు దిగి చప్పుడు లేకుండా వచ్చి పీట రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ముందు కిందికి దిగు" అన్నాడు మెల్లగా.

ఆవిడ ఆయన భుజం పట్టుకుని దిగింది. చేతిలో తువ్వాలు అలాగే ఉంది, నురగ కారుతోంది.

"ఎన్నిసార్లు తుడిచావు?"

"ఇదయిదోసారి."

ఆయనకి నవ్వొచ్చింది. ఆగలేదు. కారు బానెట్ మీద చెయ్యి ఆనించి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "నాకు మతి పోలేదు" అన్నాడు. "నేను వేశాను. ప్రతిసారీ వేశాను. సంతకం దొంగసంతకం కాదు."

"మతి పోవడం ఏమిటి?" అంది ఆవిడ బిత్తరపోయి. "మీరు తిండి మానేసింది దీనికా? నూనె నిలవడం లేదని కొట్టాయన మీద కోపంగా ఉన్నారనుకున్నాను."

నవ్వు అయిపోయాక ఆయనకి కోపం వచ్చింది, రావలసినదే. "నన్నిన్ని రోజులు పిచ్చివాణ్ణి చేసి ఆడుకున్నావు. రేపు తాళాలు ఇచ్చేద్దామనుకున్నాను తెలుసా? ఎందుకు తుడుస్తున్నావిది?"

"అరవాలని."

"తలుపు అరవాలనా?"

"వంటింట్లో ఉంటే నాకు కారు చప్పుడు వినబడదు. ఇది అరిస్తేనే వినబడుతుంది. మొదటిసారి మీరు నూనె వేశాక ఎప్పుడు వెళ్ళిపోయారో తెలియనే లేదు. వచ్చేదాకా వీధి చివర నిలబడ్డాను. చెవి పెట్టి విని చూస్తే అరిచేది ఇదొక్కటే. దీన్ని తుడిస్తే చాలని తెలిసింది."

ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడికి కూడా పది చక్రాల్లో అరిచే చక్రాన్ని చెవితో పట్టుకోవడం కష్టం. ఆయన మనసులో ఎక్కడో మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. "నేను వెళ్తే నీకెందుకు అంత కంగారు? బండి నడపడం రాదా నాకు?"

ఆవిడ తువ్వాలు గిన్నెలో వేసింది. "ఎండాకాలంలో బ్యాటరీలకని వెళ్ళి మూడు గంటల తర్వాత వచ్చారు."

"చెప్పాను కదా. పొడుగాయన కలిశాడు."

"పొడుగాయన పోయి రెండేళ్ళయిందండీ."

లిఫ్టాయన ఆవిడ వంక చూశాడు. ఏదో పొరపాటు పడుతోంది అనుకున్నాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"మీరే చెప్పారు. ఫోను మీకే వచ్చింది. వానలో ఇద్దరం కలిసే వెళ్ళాం. వాళ్ళావిడ ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి మీ చేతిలో పెట్టింది, ఉంచుకోమని. పచ్చపిడిది. మీ పెట్టెలోనే ఉంది చూడండి."

పెట్టె తియ్యక్కర్లేదు. అందులో ఏముందో ఆయనకి తెలుసు. ఎర్రపిడివాటి మధ్య పచ్చది ఒక్కటి, ఈసారి కనిపిస్తే ఇచ్చేద్దామని తను దాచిపెట్టినది.

ముందు వాన గుర్తొచ్చింది. తర్వాత గుమ్మం ముందు తడిసిన చెప్పుల వరస. తర్వాత ఆ పొడుగు మనిషికి మంచం చాలక బయటికి వచ్చిన పాదాలు. ఒక్కొక్కటే వచ్చి అన్నీ వచ్చేశాయి. లిఫ్టాయన పీట మీద కూలబడ్డాడు. రెండేళ్ళ కిందట ఆయన కంట చుక్క రాలేదు. ఇప్పుడు, పొడుగాయన ఇప్పుడే పోయినట్టు, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ నేల మీదే పక్కన చతికిలపడి, సబ్బు చేతులతోనే ఆయన వీపు నిమిరింది.

ఏడుపు తగ్గాక అడిగాడు. "ఆరోజే తెలిసిపోయిందా నీకు?"

"ఆ."

"అమ్మాయికి చెప్పావా?"

"చెబితే తాళాలు పట్టుకెళ్ళిపోతుంది. మీరు ఆ కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తూ ఉంటే నేను చూడలేను. పక్కన నేనుంటే దారి తప్పరు కదా అనుకున్నాను. అందుకని నిమ్మకాయలు కొంటూ వచ్చాను."

ఇంతకాలం ఇద్దరూ ఒకే భయాన్ని రెండు గదుల్లో దాచుకున్నారు. ఆమె తుడిచిన కొద్దీ ఈయన బెదిరాడు, ఈయన పూసిన కొద్దీ ఆమె బెదిరింది.

లేచి ముక్కు తుడుచుకుని అట్ట దగ్గరికి వెళ్ళాడు. పెన్ను తీశాడు. "ఇవాళ తారీఖెంత?" అని అడిగాడు. ఇదివరకైతే అడిగేవాడు కాదు, ఫోనులో దొంగచాటుగా చూసుకునేవాడు. ఆవిడ చెప్పింది. రాశాడు. చక్రాలు తొమ్మిదింటికి గ్రీజు ఉంది. ఎడమవైపు రెండోది వదిలేశాను. తెలిసే వదిలేశాను.

సంతకం పెట్టి, పెన్ను ఆవిడ వైపు చాపాడు. "ఇక్కడ. చూసినవాళ్ళు పెట్టాలి."

"నాకేం తెలుసండీ ఈ పనులు?"

"చూశావు కదా. చాలు."

ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుని ఖాళీ గడిలో సంతకం పెట్టింది. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి, గడి దాటి పోయాయి.

"అమ్మాయికి రేపు నేనే చెబుతాను" అన్నాడు. "అన్నీ చెబుతాను. తర్వాత అది ఏమంటే అది."

ఆవిడ సరేనని నురగ గిన్నె తీసుకుని లోపలికి నడిచింది.

మర్నాడు పదింటికి కూతురి కారు గేటు ముందు ఆగింది. లిఫ్టాయన రిమోటు నొక్కాడు. తలుపు మూరెడు లేచి కీచుమంది. పైదాకా అరుస్తూనే వెళ్ళింది. కూతురు చెవులు మూసుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏంటి నాన్నా ఇది? ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసినవాడివి, మనింటి తలుపుకి కాస్త నూనె వేసుకోలేవా?"

వంటింటి తలుపు దగ్గర భార్య వచ్చి నిలబడింది, ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు.

లిఫ్టాయన జేబులోంచి కారు తాళాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. పీట మీద దుమ్ము దులిపి కూతురి వైపు జరిపాడు. "వేశానమ్మా. తొమ్మిదింటికి వేశాను. పదోదానికి ఎందుకు వెయ్యలేదో చెబుతాను, ఇలా కూర్చో."